కారు సాకెట్టు మోసేది వంద వాట్లే

సంపాదకులకు నమస్కారం.

వాయుగుండాల కాలం మళ్లీ వచ్చింది. మన నెల్లూరు, ప్రకాశం తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎలా గడుస్తుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుపాను పెద్దవాళ్లకు ఇంకా గుర్తే. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు దగ్గర జాతీయ రహదారే తెగింది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం మొన్నమొన్నటిది. గాలివాన ఆగినా స్తంభాలు నిలబెట్టి తీగలు లాగేదాకా కరెంటు రాదు. అలాంటప్పుడు ఇంటి ముందు కారు ఉంది, అందులో బ్యాటరీ ఉంది, ఒక ఫ్యానైనా తిప్పుకుందాం అనిపించడం సహజం, అందులో తప్పు లేదు. ట్రంకు రోడ్డు అంగళ్లలో ఇప్పుడు కారు సాకెట్టులో గుచ్చి 12 వోల్టులను ఇంటి కరెంటుగా, అంటే 230 వోల్టులుగా మార్చే చిన్న ఇన్వర్టర్లు విరివిగా దొరుకుతున్నాయి కూడా. కానీ వాటితో ఏది నడపొచ్చు, ఎంతసేపు నడపొచ్చు, ఏం చేస్తే మనిషి ప్రాణం పోతుంది అన్నది అంగట్లో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఈ ఉత్తరం.

గేరు రాడ్డు ముందు మూత తీస్తే కనిపించే ఆ గుండ్రటి సాకెట్టు మొదట సిగరెట్టు లైటరు కోసం పెట్టింది. లైటరు ఎర్రబడి పైకి తన్నుకొచ్చేదాకా కొన్ని సెకన్లే కరెంటు లాగుతుంది. గంటల తరబడి బరువు మోయడానికి చేసిన సాకెట్టు కాదది. చాలా కార్లలో దాని మూత మీద 12 వోల్టులు, 120 వాట్లు అని అచ్చు వేసి ఉంటుంది. అంటే 10 ఆంప్సు. కొన్ని కార్లలో 15 ఆంప్సుల ఫ్యూజు ఉంటుంది. మీ కారుది ఎంతో ఫ్యూజు బాక్సు మూత లోపలి బొమ్మలో చూడొచ్చు. ఫ్యూజు రంగును బట్టి కూడా తెలుస్తుంది: ఎరుపు 10, నీలం 15, పసుపు 20.

ఇక్కడ ఒక్క లెక్క గుర్తుంటే చాలు. ఇంట్లో వస్తువు మీద ఎన్ని వాట్లు రాసి ఉందో దాన్ని పదితో భాగించండి. వచ్చిందే కారు బ్యాటరీ మీద పడే ఆంప్సు. పన్నెండుతో కదా భాగించాలి అంటారేమో. 12 వోల్టులను 230 చేసే పనిలో ఇన్వర్టరు నూటికి పది పదిహేను పాళ్లు వేడి రూపంలో పోగొడుతుంది, ఆ నష్టం కూడా కలుపుకుంటే పదితో భాగించడమే సరిపోతుంది. తక్కువ కరెంటు తినే కొత్తరకం 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యానుకు 3 ఆంప్సు. పాతకాలం 75 వాట్ల సీలింగు ఫ్యానుకు ఏడున్నర. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుకు ఒకటి కూడా కాదు. అదే 500 వాట్ల మిక్సీకి 50, 700 వాట్ల రైస్ కుక్కరుకు 70, వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెకు 100, పెద్ద మంట పెట్టిన ఇండక్షన్ పొయ్యికి 160. చిన్న కారు డైనమో రోడ్డు మీద పరుగెత్తుతున్నప్పుడు కూడా 70, 80 ఆంప్సు ఇస్తే గొప్ప. నిలబెట్టి ఐడ్లింగులో ఉంచితే అందులో సగం ఇచ్చినా ఎక్కువే. కాబట్టి వేడి పుట్టించే వస్తువు ఏదైనా, అది కెటిల్ కానీ గీజరు కానీ, కారుతో నడవదు. ఆ ఆశ మొదట్లోనే వదులుకోవాలి. పది ఆంప్సుల సాకెట్టుకు వంద వాట్లు, అంతే.

ఇన్వర్టరు డబ్బా మీద 500 వాట్లు, 1000 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది కదా అని అడుగుతారు. అది చాలాసార్లు పీక్ లెక్క, అంటే అర సెకనో సెకనో తట్టుకునే లోడు. కింద చిన్న అక్షరాల్లో కంటిన్యువస్, అంటే ఆగకుండా మోసే లోడు, అని ఉన్న అంకె చూడండి. ఆ అంకె 300 ఉన్నా సరే, సాకెట్టులో గుచ్చినప్పుడు దానికి వచ్చేది వంద వాట్లే, ఎందుకంటే మధ్యలో ఉన్నది 10 ఆంప్సుల ఫ్యూజు. అది ఎగిరిపోతుంటే దాని స్థానంలో 20దో 30దో వేయడం, ఇంకా మొండితనంగా సిగరెట్టు పెట్టెలో వెండి రేకు మడిచి పెట్టడం కనిపిస్తుంటుంది. ఫ్యూజు కాపాడేది ఇన్వర్టరును కాదు, డ్యాష్‌బోర్డు లోపల నుంచి సాకెట్టు దాకా పోయే సన్నటి వైరును. ఫ్యూజు మందం పెంచితే ఆ వైరే ఫ్యూజు అవుతుంది. అది కాలేది కంటికి కనిపించని చోట, స్పాంజి, ప్లాస్టిక్కు, మిగతా వైర్ల కట్టల మధ్య.

ఫ్యూజు సరైనదే ఉన్నా సాకెట్టు కరగడం కూడా చూస్తుంటాం. ప్లగ్గు కొసన ఉన్న చిన్న ఇత్తడి మొన స్ప్రింగు బలంతో సాకెట్టు అడుగును తాకుతుంది, పక్కన ఉన్న రెండు రేకు చెవులు గోడను తాకుతాయి. కరెంటంతా ఆ మూడు చోట్ల నుంచే పోవాలి. దుమ్ము పట్టి, ఉప్పుగాలికి చిలుము పట్టి, స్ప్రింగు వదులై ఉంటే ఆ తాకిడి దగ్గరే వేడి పుడుతుంది. మన తీరంలో ఇది మరీ ఎక్కువ. వాడకం మొదలుపెట్టిన పది నిమిషాలకు ప్లగ్గు లాగి దాని మొన దగ్గర వేలు పెట్టండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. వేడి టీ గ్లాసులా పట్టుకోలేకుండా ఉంటే ఆ సాకెట్టుతో ఆ లోడు వద్దు. ప్లగ్గు అసలు పని చేయకపోతే ఇన్వర్టరు పోయిందనుకోకండి. మొన దగ్గర మూత స్క్రూలా తిప్పితే ఊడుతుంది, లోపల గాజు ఫ్యూజు ఉంటుంది. ఎక్కువసార్లు పోయేది అదే. తీసేటప్పుడు స్ప్రింగు ఎగిరి సీటు కిందకు పోతుంది, గుడ్డ పరిచి విప్పండి.

బ్యాటరీ ఎంతసేపు వస్తుంది? చిన్న పెట్రోలు కారులో ఉండేది 35 ఏహెచ్ (ఒక ఆంపు చొప్పున 35 గంటలు ఇచ్చే) బ్యాటరీ, డీజిలు కార్లలో 60, 65 ఉంటుంది. ఇంట్లో ఇన్వర్టరుకు పెట్టే ట్యూబులర్ బ్యాటరీకీ దీనికీ పోలిక లేదు. కారు బ్యాటరీలో పలకలు పలచగా ఉంటాయి, సెల్ఫ్ కొట్టినప్పుడు రెండు సెకన్ల పాటు రెండొందల ఆంప్సు ఇచ్చి మళ్లీ నిండడానికి చేసిన బ్యాటరీ అది. దాన్ని అడుగంటా దించితే పలకల మీద తెల్లటి సల్ఫేటు గట్టిపడుతుంది. అలా నాలుగైదుసార్లు జరిగితే కొత్త బ్యాటరీ కూడా మార్చాల్సి వస్తుంది. అందుకే మూడో వంతుకు మించి వాడకూడదు. ఒక బీఎల్‌డీసీ ఫ్యాను, ఒక బల్బు, ఒక వైఫై రూటరు కలిపి 50 వాట్లు అనుకోండి. ఐదు ఆంప్సు. 35లో మూడో వంతు సుమారు 12. ఇంజను ఆపి నడిపితే రెండు గంటలు, మహా అయితే రెండు గంటల పావు. ఇన్వర్టరు తనంతట తాను కూతపెట్టి ఆగిపోతుందిలే అని నమ్ముకోవద్దు. చాలా ఇన్వర్టర్లు ఆగేది పదిన్నర వోల్టుల దగ్గర, అప్పటికి కారు సెల్ఫ్ తీసుకోదు. తుపాను రాత్రి ఎవరినైనా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తే కారు కదలదు. వోల్టులు చూపే మల్టీమీటరు చౌకలో దొరుకుతుంది, ఒకటి ఉంచుకోండి. లోడు తీసి ఒకట్రెండు నిమిషాలు ఆగి చూడాలి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.3 దగ్గరికి వస్తే మూడో వంతు వాడేసినట్టు, ఇక చాలు అనుకోవాల్సింది అక్కడే.

ఇంజను ఆన్‌లో ఉంచి వాడుకోవచ్చు కదా అంటే, వాడుకోవచ్చు. ఏసీ ఆపినా చిన్న పెట్రోలు కారు ఐడ్లింగులో గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా తాగుతుంది. ఎనభై రూపాయల పెట్రోలు పోసి వంద వాట్లు గంటసేపు వాడితే వచ్చేది యూనిట్టులో పదో వంతు. యూనిట్టు ఎనిమిది వందలు పడ్డట్టు. ఫోన్లు, నెబ్యులైజరు లాంటి అవసరాలకు ఇది మోయదగిన ఖర్చే, టీవీలో సీరియలు చూడ్డానికి కాదు.

డబ్బు సంగతి పక్కన పెడితే, ఇంజను నడిపే చోటు అసలు ముఖ్యం. పోర్టికోలో, రేకుల షెడ్డులో, మిద్దె కింద పార్కింగులో, అపార్టుమెంటు సెల్లారులో నిలబెట్టి నడపొద్దు. సైలెన్సరు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. వానకు కిటికీలు మూసినా తలుపు సందుల్లోంచి పడగ్గదిలోకి చేరుతుంది. తల దిమ్ముగా ఉండటం, వాంతి వచ్చినట్టుండటం, మగత, ఆ తర్వాత లేవలేరు. కారును ఆరుబయటకు తెచ్చి, సైలెన్సరు గొట్టం ఇంటి వైపు కాకుండా వీధి వైపు ఉండేలా తిప్పి పెట్టాలి. కారులోనే ఏసీ వేసుకుని నిద్రపోవడం, అందులోనూ సైలెన్సరు చుట్టూ నీళ్లు నిలిచినప్పుడు, ప్రాణాంతకం. నీళ్లు కారు అడుగు దాకా వచ్చి ఉంటే స్టార్టు చేయనే వద్దు. ఎవరికైనా తల తిరిగితే ముందు ఇంజను ఆపి, బయటి గాలిలోకి తీసుకొచ్చి, 108కి ఫోను చేయండి.

కారు వీధిలో, ఫ్యాను ఇంట్లో ఉంటే మధ్యలో వైరు కావాలి. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. ఇన్వర్టరును ఇంట్లో పెట్టి, 12 వోల్టుల వైరును పొడిగిస్తారు. అలా కాదు. ఇన్వర్టరు కారులోనే ఉండాలి, పొడిగించాల్సింది 230 వోల్టుల వైపు. లెక్క చూడండి. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు ఇరవై మీటర్లు లాగితే, పోనురాను నలభై మీటర్ల నిరోధం 0.7 ఓం. వంద వాట్ల లోడుకు 12 వోల్టుల వైపు 10 ఆంప్సు పోతాయి కాబట్టి దారిలోనే 7 వోల్టులు మాయమవుతాయి, పన్నెండులో ఐదే మిగులుతాయి. అదే వైరు 230 వైపు ఉంటే పోయే కరెంటు అర ఆంపు కూడా కాదు, దారిలో పోయేది వోల్టులో మూడో వంతు. వైరుకు మధ్యలో అతుకు ఉండకూడదు. నీళ్లలో పడకుండా జామచెట్టుకో కిటికీ ఊచకో ఎత్తుగా కట్టండి. కారు అద్దం మీద నొక్కి మూస్తే ఇన్సులేషను తెగుతుంది, వేలు మందం సందు వదలండి. ఇన్వర్టరును సీటు మీద తువాలు కింద పెట్టొద్దు, దాని ఫ్యానుకు గాలి ఆడాలి.

వరుస కూడా ముఖ్యమే. ముందు ఇంజను స్టార్టు చేయాలి, తర్వాత ఇన్వర్టరు గుచ్చి ఆన్ చేయాలి, ఆ తర్వాత లోడు ఒక్కొక్కటిగా. ఆపేటప్పుడు దీనికి తిరగేసి. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ తొమ్మిది పదికి పడి ఒక్కసారిగా లేస్తుంది, అప్పుడు ఇన్వర్టరు తగిలించి ఉంటే దానికే దెబ్బ.

తక్కువ ధర ఇన్వర్టర్లు ఇచ్చేది మోడిఫైడ్ సైన్ వేవ్, అంటే అల మెట్లుమెట్లుగా ఉంటుంది. ఫోను ఛార్జర్లు, ల్యాప్‌టాపు, ఎల్‌ఈడీ టీవీ దీన్ని పట్టించుకోవు. మామూలు ఫ్యాను మాత్రం గుర్రుమంటుంది, మోటారు మామూలుకన్నా వేడెక్కుతుంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు మధ్యలో ఉంటే మరీ అన్యాయం, దాన్ని తప్పించి నేరుగా పూర్తి వేగంలో నడపాలి. నేరుగా గోడకు గుచ్చి ఛార్జి చేసే చవక టార్చిలైట్లు దీనిమీద పెడితే మాడిపోతాయి. ఫ్యాను, నెబ్యులైజరు నడపాలని ఉన్నవాళ్లు కొంచెం ఎక్కువ పెట్టి ప్యూర్ సైన్ వేవ్‌దే కొనడం మేలు. అసలు 230 అవసరం లేని పనులకు ఇన్వర్టరే వద్దు. ఫోన్లకు యూఎస్‌బీ ఛార్జరు, ల్యాప్‌టాపుకు టైప్-సీ కారు ఛార్జరు, చిన్న యూఎస్‌బీ ఫ్యాను, యూఎస్‌బీ బల్బు ఉంటే 12ను 230 చేసి మళ్లీ 5 చేసే తిప్పలు తప్పుతాయి, బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది.

ఇక ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. రెండు కొసలకూ పిన్నులున్న వైరు ఒకటి తయారు చేసి, ఒక కొస ఇన్వర్టరులో, రెండో కొస ఇంటి గోడ సాకెట్టులో గుచ్చి, ఇల్లంతా లైట్లు వెలిగించుకోవచ్చని చెప్పేవాళ్లు ఉన్నారు. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు. ఇల్లు వెలిగే మాట నిజమే. కానీ ఇంటి వైరింగు మీటరు దాటి, సర్వీసు వైరు మీదుగా స్తంభం దాకా కలిసి ఉంటుంది. మెయిన్ దించామంటారు, చీకట్లో ఎవరు దించారో ఎవరు ఎత్తారో ఎవరికీ తెలియదు. నూటయాభై వాట్ల ఇన్వర్టరు వీధి లోడు మోయలేక వెంటనే ఆగిపోతుంది కదా, ప్రమాదమేముంది అని ఇంకొందరి వాదన. తుపానులో జరిగేది వేరు. స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు వైరు తెగి నేల మీద పడి ఉంటుంది. అప్పుడు దానికి వీధి లోడు ఉండదు, ఇన్వర్టరు ఆగదు. లైన్లో సప్లై లేదని తెలిసి ఆ తెగిన కొసను చేత్తో పట్టుకునేది లైన్‌మన్. వాకిట్లో నీళ్లలో నడుస్తూ తొక్కేది పక్కింటి పిల్లవాడు. ఆ కొసలో 230 వోల్టులు ఉంటాయి. పెద్ద జనరేటరు ఇలాగే గుచ్చితే ఇంకా ఘోరం, ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మరులోకి వెనక్కి ఎక్కి పైన తీగల్లో 11 వేల వోల్టులు అవుతుంది. ఇవేవీ జరగకపోయినా, అసలు కరెంటు తిరిగొచ్చిన క్షణం రెండూ ఢీకొని ఇన్వర్టరు పేలుతుంది. వైరు ఒక కొస ఊడితే ఆ పిన్నులు బయటికి కరెంటుతో ఉంటాయి, ముట్టుకున్నవాళ్ల పని అయిపోయినట్టే. ఇల్లంతా కావాలంటే లైసెన్సున్న ఎలక్ట్రీషియను చేత చేంజోవర్ స్విచ్, అంటే ఇంటిని వీధి లైను నుంచి విడదీసి ఇన్వర్టరుకు కలిపే స్విచ్, పెట్టించుకోండి. లేకపోతే వస్తువును నేరుగా ఎక్స్‌టెన్షన్ బోర్డుకు గుచ్చండి. మూడో మార్గం లేదు.

ఈ చిన్న ఇన్వర్టర్లలో మరో సంగతి. టెస్టరు పెడితే చాలావాటిలో రెండు రంధ్రాల్లోనూ వెలుగుతుంది. అది పాడైనట్టు కాదు, వాటి తీరే అంత. ఇందులో న్యూట్రల్ అని నమ్మి ముట్టుకోదగిన వైపు లేదు. ఎర్తింగు కూడా ఉండదు కాబట్టి ఇంట్లో షాకు కొట్టకుండా కాపాడే ఆర్‌సీసీబీ ఇక్కడ మనల్ని కాపాడదు. తడిచేతులతో, తడినేల మీద చెప్పుల్లేకుండా వద్దు.

వంద దాటి రెండు మూడు వందల వాట్లు కావాల్సినవాళ్లు సాకెట్టు వదిలేసి బానెట్ ఎత్తి బ్యాటరీకే క్లిప్పులు పెట్టాలి. 300 వాట్లకు 30 ఆంప్సు. మీటరు, మీటరున్నర పొడవుకు 10 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలోపే 40 ఆంప్సుల ఫ్యూజు ఉండాలి. ఇన్వర్టరుతో వచ్చిన సన్నటి వైరును నమ్మొద్దు. ముందు ప్లస్, తర్వాత మైనస్. సిగ్నలు దగ్గర తనంతట ఆగి మళ్లీ స్టార్టయ్యే కార్లలో బ్యాటరీ మైనస్ మీద సెన్సరు ఉంటుంది, వాటిలో మైనస్ క్లిప్పు బ్యాటరీ మీద కాకుండా ఇంజను లేదా బాడీ ఎర్తు బోల్టుకు పెట్టాలి. ఇంజను నడుస్తుండాల్సిందే. 300 వాట్లు దాటే ఆలోచన కారుతో పెట్టుకోవద్దు.

ఫ్రిజ్ గురించి ఎక్కువమంది అడుగుతారు. నడిచేటప్పుడు వంద, నూటయాభై వాట్లే తీసుకున్నా, కంప్రెసరు అందుకునే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది, సాకెట్టు ఫ్యూజు ఎగిరిపోతుంది. తలుపు తీయకుండా ఉంచితే నాలుగు గంటల పాటు చల్లగానే ఉంటుంది, అది చాలు. ఇన్సులిన్ వాడేవాళ్లు సీసాను ప్లాస్టిక్ కవరులో బిగించి, తడి ఇసుక మధ్య పెట్టిన చిన్న మట్టికుండలో నీడలో ఉంచండి, గదికన్నా చల్లగా ఉంటుంది. నెబ్యులైజరు అడుగున వాట్లు చూడండి. వంద లోపు ఉంటే సాకెట్టు మోస్తుంది, దాటితే బ్యాటరీకే క్లిప్పులు పెట్టిన ఇన్వర్టరు కావాలి. ఐదు లీటర్ల ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటరు మూడొందల పైనే తీసుకుంటుంది, ఆగితే ప్రాణం మీదికొస్తుంది. దానికి కారును నమ్ముకోకుండా వాయుగుండం హెచ్చరిక రాగానే సిలిండరు తెచ్చిపెట్టుకోవాలి.

లారీలకు 24 వోల్టులు, కారు ఇన్వర్టరు అందులో గుచ్చగానే మాడుతుంది. ట్రాక్టరుకు 12 వోల్టులే, బ్యాటరీ పెద్దది కాబట్టి కారుకన్నా నయం. రొయ్యల గుంటల ఏరేటర్లను ఇలా తిప్పొచ్చా అని అడిగే రైతులకు ఒకటే మాట: రెండు హెచ్‌పీ త్రీఫేజు మోటారుకు జనరేటరు తప్ప వేరే దారి లేదు. కొన్ని విద్యుత్ కార్లలో మాత్రం పెద్ద బ్యాటరీ నుంచే 230 వోల్టులు ఇచ్చే వీటూఎల్ సౌకర్యం ఉంది. 2023 తర్వాతి టాటా నెక్సాన్ ఈవీలో కొన్ని రకాలకు 3.3 కేవీఏ (సుమారు మూడు వేల వాట్లు) దాకా ఇస్తుంది. అలాంటి కారున్నవాళ్లకు మిక్సీ, ఫ్రిజ్ నడపడం కష్టం కాదు. గోడ సాకెట్టులో గుచ్చొద్దన్న మాట వాళ్లకు మరింత వర్తిస్తుంది, ఎందుకంటే అది అంత సులువుగా ఆగిపోదు.

కరెంటు ఇచ్చే సంస్థలు, నెల్లూరుకు ఏపీఎస్‌పీడీసీఎల్, ప్రకాశానికి ఏపీసీపీడీసీఎల్, వాయుగుండం సమయంలో జాగ్రత్తలు ప్రకటిస్తుంటాయి. తెగిన తీగ కనిపిస్తే 1912కు చెప్పండి అన్న మాట పక్కనే, ఇన్వర్టరును గానీ జనరేటరును గానీ గోడ సాకెట్టుకు గుచ్చవద్దు అని ఒక్క వాక్యం చేర్చమని ఆ సంస్థలను కోరుతున్నాం. ఇన్వర్టర్లు అమ్మే అంగళ్లవాళ్లు డబ్బా మీద తెలుగులో కంటిన్యువస్ వాట్లెంతో ఒక చీటీ అంటించి ఇస్తే వాళ్లకు పోయేదేమీ లేదు. మీ పత్రికలో తుపాను జాగ్రత్తలు వేసే చోట ఈ విషయాలు కూడా వేయండి.

కొనాలనుకునేవాళ్లకు: 150 వాట్ల ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరు, 30 వాట్ల బీఎల్‌డీసీ టేబుల్ ఫ్యాను, అతుకు లేని ఎక్స్‌టెన్షన్ వైరు, ఎర్రటి 10 ఆంప్సుల ఫ్యూజులు నాలుగు. వాయుగుండం వార్త వినకముందే ఒక సాయంత్రం కారు బయట పెట్టి గంటసేపు నడిపి చూడండి. సాకెట్టు వేడెక్కేదైతే ఆ గంటలోనే తెలిసిపోతుంది, అప్పుడు మార్చుకోవడానికి మెకానిక్కూ ఉంటాడు, అంగడీ తెరిచి ఉంటుంది.

ఇట్లు,
కార్ల ఎలక్ట్రికల్ పనివాళ్లం,
కావలి, నెల్లూరు జిల్లా